కింద కొట్లు, పైన ఇళ్లు: ఒకే భవనంలో ఏది కలవాలి, ఏది కలవకూడదు

రోడ్డు మీద స్థలం ఉన్నవాళ్లందరికీ వచ్చే ఆలోచనే ఇది. కింద నాలుగు షట్టర్లు వేస్తే నెలనెలా అద్దె వస్తుంది. పైన ఫ్లాట్లు కట్టి అమ్ముకోవచ్చు, ఒకదాంట్లో మనమే ఉండొచ్చు. కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్, విజయవాడ గవర్నర్‌పేట... ఎక్కడ చూసినా పెద్ద రోడ్ల పక్కన ఈ తరహా భవనాలే వరుసగా కనిపిస్తాయి. ప్లాన్‌లో గ్రౌండ్ ఫ్లోర్‌కు ఒక రంగు, పై అంతస్తులకు ఇంకో రంగు వేస్తే పని అయిపోయినట్టే అనిపిస్తుంది.

2025 మే 18 ఉదయం చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో కింద నగల దుకాణాలు, పైన కుటుంబం ఉంటున్న పాత భవనంలో మంటలు లేచాయి. 17 మంది చనిపోయారు. వాళ్లలో ఎనిమిది మంది పిల్లలు. పై ఇంట్లోంచి బయటికి రావడానికి ఉన్నది ఒక్కటే ఇరుకు దారి. అప్పటినుంచి చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. దుకాణాలూ ఇళ్లూ ఒకే కప్పు కింద ఉండటమే తప్పా, లేక ఆ రెండింటినీ కలిపిన తీరులో తప్పుందా? దీనికి జవాబు దొరకాలంటే ఇలాంటి భవనం ఎలా రూపుదిద్దుకుంటుందో మొదటినుంచి చూడాలి.

మిశ్రమ వినియోగం అంటే

ఒకే భవనంలో, లేదా ఒకే స్థలంలో నివాసం, వ్యాపారం రెండూ ఉంటే దాన్ని మిశ్రమ వినియోగ భవనం అంటారు. మనకిది కొత్త కాదు. 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన నగర అభివృద్ధి బోర్డు హయాంలో చార్మినార్ దగ్గర కట్టిన పత్తర్‌గట్టిలో రాతి కమాన్ల కింద కొట్లు, పైన గదులు ఉంటాయి. పల్లెల్లో కోమటి కొట్టు వెనకాలే ఇల్లు ఉండటం కూడా ఇదే పద్ధతి. తేడా ఏమిటంటే, అక్కడ కొట్టూ ఇల్లూ ఒకే కుటుంబానివి. నేటి అపార్ట్‌మెంట్‌లో దుకాణదారు ఎవరో పైనున్నవాళ్లకు తెలియదు, పైన ఎవరుంటారో దుకాణదారుకు తెలియదు. చిక్కులన్నీ ఇక్కడే మొదలవుతాయి.

ఇలాంటి భవనాలు మూడు రకాలుగా వస్తాయి. మొదటిది, కింద దుకాణాలు, వాటి మీద నేరుగా ఫ్లాట్లు. రెండోది, కింద రెండు మూడు అంతస్తుల వెడల్పాటి పోడియం, దాని మీద సన్నటి టవర్లు. మూడోది, రోడ్డు వైపు వ్యాపార బ్లాకు, వెనక నివాస బ్లాకు. రెండోదానికీ మూడోదానికీ ఎకరాల్లో స్థలం కావాలి. వెయ్యి గజాల లోపు ఉన్నవాళ్లకు మొదటిదే గతి. అందుకే ఈ వ్యాసం ఎక్కువగా దాని గురించే.

అనుమతి విషయంలో మూడు వేర్వేరు ప్రశ్నలుంటాయి, జనం వాటిని ఒకటిగా కలిపేసుకుంటారు. ఆ చోట వ్యాపారం చేయొచ్చా అన్నది మాస్టర్ ప్లాన్‌లోని భూ వినియోగ జోన్, ముందున్న రోడ్డు వెడల్పు చెబుతాయి. ఎంత ఎత్తు కట్టొచ్చు, చుట్టూ ఎంత ఖాళీ వదలాలి అన్నది భవన నిర్మాణ నియమాలు చెబుతాయి. తెలంగాణలో వీటికి ఆధారం 2012 ఏప్రిల్ 7 నాటి జీవో 168. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో జీవో 119తో వేరే నియమాలు వచ్చాయి. లోపలున్నవాళ్లు ప్రాణాలతో బయటపడగలరా అన్న మూడో ప్రశ్నకు 2016 నాటి జాతీయ భవన నిర్మాణ కోడ్, అగ్నిమాపక చట్టం జవాబిస్తాయి. మొదటి రెండింటికీ అవునన్న జవాబు వచ్చినంత మాత్రాన మూడోదానికి వచ్చినట్టు కాదు.

957 గజాల స్థలంలో దుకాణానికి దక్కేదెంత

ఒక ఊహా స్థలం తీసుకుందాం. రోడ్డు వైపు 25 మీటర్లు, లోతు 32 మీటర్లు. అంటే 800 చదరపు మీటర్లు, దాదాపు 957 గజాలు. లెక్క కోసం ముందు 5 మీటర్లు, మిగతా మూడు వైపులా 4 మీటర్ల చొప్పున ఖాళీ చోటు, అంటే సెట్‌బ్యాక్ వదిలామనుకుందాం. అసలు అంకెలు స్థలం సైజు, ఎత్తు, రోడ్డు వెడల్పును బట్టి మారతాయి. మిగిలేది 17 మీటర్ల వెడల్పు, 23 మీటర్ల లోతు. అంటే అంతస్తుకు 391 చదరపు మీటర్లు.

గ్రౌండ్ ఫ్లోర్ మొత్తం దుకాణాలకే అని చాలామంది ఓనర్లు లెక్కేసుకుంటారు. కానీ కింద సెల్లార్ పార్కింగ్ ఉంటే కారు దిగడానికి ర్యాంపు కావాలి. వాలు 1:8 అనుకుంటే మూడు మీటర్ల లోతుకు దిగడానికి 24 మీటర్ల పొడవు పడుతుంది. మన భవనం లోతే 23 మీటర్లు! ర్యాంపు ఒక పక్క మొత్తాన్నీ ఆక్రమించి, ముందు ఖాళీలోకి ఒక మీటరు వస్తుంది. 3.6 మీటర్ల వెడల్పు వేసుకున్నా భవనం లోపల 83 చదరపు మీటర్లు పోతాయి. పైవాళ్ల లాబీ, మెట్లు, లిఫ్టులకు 55, ఎలక్ట్రికల్ ప్యానెల్ గది, వాచ్‌మన్ గదికి 15 పోగా మిగిలేది 238 చదరపు మీటర్లు. గ్రౌండ్ ఫ్లోర్‌లో 39 శాతం దుకాణాలకు దక్కదన్నమాట. ర్యాంపును పక్క సెట్‌బ్యాక్‌లోకి తోయాలంటే ఫైరింజన్ తిరిగే దారి మిగలాలి, మన నాలుగు మీటర్లలో అది కుదరదు.

ఇంకో పోటీ ముఖద్వారం కోసం. రోడ్డు వైపు 17 మీటర్లు. దాంట్లో ర్యాంపుకు 3.6 పోయింది. ఫ్లాట్లవాళ్ల గుమ్మం కూడా రోడ్డు మీదికే ఉంటే ఇంకో మూడు మీటర్లు పోతాయి. దుకాణాలకు మిగిలేది పదిన్నర మీటర్లే, మూడు షట్టర్లకు సరిపోతుంది. రోడ్డు మీద ఒక్కో అడుగు ముఖానికీ అద్దె పలుకుతుంది కాబట్టి ఇళ్ల గుమ్మాన్ని పక్క సందులోకో, వెనక్కో తోసేయాలన్న ఒత్తిడి బిల్డర్ మీద ఉంటుంది. ఇది వట్టి గౌరవానికి సంబంధించిన సంగతి కాదు. పైన అంతస్తుకు నాలుగు ఫ్లాట్ల చొప్పున నాలుగు అంతస్తులనుకుంటే, ఆ గుమ్మమే ప్రమాదంలో 16 కుటుంబాలు బయటికొచ్చే దారి, స్ట్రెచర్ లోపలికి వెళ్లే దారి కూడా.

ఎత్తు లెక్కలో ఒక మీటరు విలువ

దుకాణానికి ఎత్తు కావాలి. బీము కిందికి అర మీటరు పైన దిగుతుంది, దాని కింద ఏసీ డక్టు, లైట్లు, పై ఇళ్ల పైపులు. అందుకే స్లాబు నుంచి స్లాబుకు 4.2 మీటర్లు వదలడం వాడుక. ఫ్లాటుకు 3 మీటర్లు చాలు. కింద 4.2, పైన నాలుగు అంతస్తులకు 12 కలిపితే మన భవనం 16.2 మీటర్లు.

జీవో 168 ప్రకారం 18 మీటర్లు, అంతకు మించితే బహుళ అంతస్తుల భవనం. సెట్‌బ్యాక్‌లు, రోడ్డు వెడల్పు అన్నీ మారిపోతాయి. మనం దాని కిందే ఉన్నాం. కానీ అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం, అంటే ఎన్‌ఓసీ దగ్గర రెండు గీతలున్నాయి. నివాస భవనానికి 18 మీటర్లు, వాణిజ్య భవనానికి 15 మీటర్లు. మన 16.2 మీటర్ల భవనాన్ని నివాసం అనుకుంటే గీతకు కింద, వాణిజ్యం అనుకుంటే గీతకు పైన. జాతీయ కోడ్ ఆలోచన ఇక్కడ స్పష్టంగా ఉంది. రెండు వాడకాలనూ పూర్తిగా విడదీయలేకపోతే, రెండింట్లో కఠినమైన నిబంధనే మొత్తం భవనానికి వర్తిస్తుంది. నా ఉద్దేశంలో కూడా ఇలాంటి భవనాన్ని 15 మీటర్ల గీతతోనే కొలవాలి. పొగకు కింద కొట్టు, పైన ఇల్లు అన్న తేడా తెలియదు కదా.

ఇదే చోట ఒక ప్రలోభం కూడా ఎదురవుతుంది. కింది అంతస్తును 4.2 నుంచి 2.9 మీటర్లకు తగ్గిస్తే ఐదో అంతస్తు కూడా ఇమిడిపోతుంది, మొత్తం 17.9 మీటర్లు. కాగితం మీద నాలుగు ఫ్లాట్లు లాభం. ఆ దుకాణంలో బీము కింద నిలబడేవాడి తల మీద మిగిలేది జానెడున్నర. ఫాల్స్ సీలింగ్ వేస్తే అదీ ఉండదు. ఏసీ డక్టుకు చోటు లేక ప్రతి అద్దెదారూ గోడకో, బీముకో కన్నం కొడతాడు.

మెట్లు: రాజీ పడకూడని చోటు

జాతీయ కోడ్ భవనాలను వాడకాన్ని బట్టి వర్గాలుగా విడదీస్తుంది. నివాసాలు 'A' వర్గం, ఆఫీసులు 'E' వర్గం, దుకాణాలు 'F' వర్గం. 50 మందికి తగ్గకుండా గుమిగూడే చోట్లు 'D' వర్గం, పెద్ద హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు అందులోకి వస్తాయి. ఇంట్లో మనుషులు నిద్రపోతారు, వృద్ధులుంటారు, పసిపిల్లలుంటారు. కానీ దారి వాళ్లకు తెలుసు. దుకాణంలో అందరూ మెలకువగానే ఉంటారు, దారి మాత్రం తెలియదు. పైగా కాలే సరుకు ఇంట్లోకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. బట్టలు, ప్లాస్టిక్, ఫోము, బ్యాటరీలు. రాత్రి పదింటికి షట్టర్ దించాక లోపల నిప్పు రాజుకుంటే చూసేవాడు ఉండడు. సరిగ్గా అదే సమయంలో పైనవాళ్లు నిద్రలో ఉంటారు.

2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో జరిగింది దీనికి దగ్గరి ఉదాహరణ. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి. కింద మంటలు లేచాయి, పొగ పైకి ఎక్కింది. ఎనిమిది మంది చనిపోయారు. 2023 నవంబర్‌లో నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంట్ కింది భాగంలో నిల్వ చేసిన రసాయనాలు అంటుకుని కనీసం తొమ్మిది మంది చనిపోయారు. రెండు చోట్లా మంట పుట్టింది ఒక అంతస్తులో, ప్రాణాలు పోయింది వేరే అంతస్తుల్లో.

కారణం మెట్లు. తలుపుల్లేని మెట్ల గది పొగగొట్టంలా పనిచేస్తుంది. వేడి పొగ తేలిక కాబట్టి పైకి లాగేసుకుంటుంది. కింద దుకాణం వెనక తలుపు ఆ మెట్ల గదిలోకి తెరుచుకుంటే, మంట ఇంకా దుకాణంలోనే ఉన్నా నాలుగో అంతస్తు వాళ్లకు దారి మూసుకుపోయినట్టే. అందుకే డిజైన్‌లో మొదట తేల్చాల్సింది ఇది. దుకాణం నుంచి ఇళ్ల మెట్లలోకి తలుపే ఉండకూడదు. దుకాణం దారి నేరుగా బయటికి, ఇళ్ల మెట్ల దారి నేరుగా బయటికి. సెల్లార్‌కు దిగే మెట్లు కూడా పై మెట్లకు కొనసాగింపుగా ఉండకూడదు. బయటి గాలిలోంచి దిగేలా విడిగా ఉండాలి, లేదా మధ్యలో మంటను తట్టుకునే తలుపుతో తెగిపోవాలి. ప్లాన్‌లలో కనిపించే 120 నిమిషాల ఫైర్ డోర్ అంటే రెండు గంటలపాటు మంటను అవతలికి వెళ్లనివ్వని తలుపు. దానికి ఇటుక పెట్టి తెరిచి ఉంచితే అది మామూలు తలుపు కూడా కాదు, వట్టి కన్నం.

మెట్ల కింద కరెంటు మీటర్ల బోర్డు పెట్టడం మన దగ్గర దాదాపు ఆచారంలా మారింది. అక్కడ ఖాళీ ఉంటుంది, లైన్‌మన్‌కు అనుకూలం. మిశ్రమ భవనంలో ఆ బోర్డులో ఇళ్ల మీటర్ల పక్కనే దుకాణాల మీటర్లు, వాటి మీద ఏసీల లోడు. తెలంగాణలో కరెంటు చార్జీల పట్టికలో ఇళ్లకు ఎల్‌టీ-1, దుకాణాలకు ఎల్‌టీ-2 కేటగిరీ కాబట్టి మీటర్లు ఎలాగూ వేరుగానే ఉంటాయి. వాటి గదులు కూడా వేరుగా, మెట్లకు దూరంగా ఉండాలి. నిప్పు పుట్టే అవకాశం ఎక్కువున్న పెట్టెను జనం పారిపోయే దారిలో బిగించడం ఏ లెక్కనా సమర్థించలేం.

దీని మీద బిల్డర్ల వాదన కూడా వినాలి. రెండో మెట్ల వరసకు అంతస్తుకు 15 నుంచి 20 చదరపు మీటర్లు పోతాయి. మన ఉదాహరణలో నాలుగు అంతస్తులూ కలిపితే ఒక ఫ్లాటులో మూడొంతులు. చిన్న స్థలంలో అదే లాభమంతా. ఈ లెక్క అబద్ధం కాదు. నియమం కోరకపోతే ఎవరూ ఇష్టంగా ఇవ్వరు కూడా. అందుకే దీన్ని మార్కెట్‌కు వదలకుండా కోడ్‌లో రాస్తారు.

పిల్లర్లు ఎవరి కోసం నిలబడాలి

దుకాణానికి పిల్లర్లు అడ్డం. ఎనిమిది మీటర్ల ఖాళీ ఉంటే అద్దె బాగా వస్తుంది. సెల్లార్‌లో ఒక్కో కారుకు రెండున్నర మీటర్లు, అంటే పిల్లర్ల మధ్య మూడు కార్లు పట్టాలంటే ఏడున్నర మీటర్లు. పైన ఫ్లాట్లలో గదులు మూడు, మూడున్నర మీటర్లవి. పిల్లరు గోడలో దాక్కోవాలి, హాలు మధ్యలో కనిపించకూడదు. మూడు అంతస్తులకు మూడు కోరికలు, పిల్లరు మాత్రం పైనుంచి పునాది దాకా ఒకే గీతలో దిగాలి.

కుదరనప్పుడు మొదటి అంతస్తు స్లాబు దగ్గర పెద్ద ట్రాన్స్‌ఫర్ బీములు వేసి, పై పిల్లర్లను వాటి మీద నిలబెడతారు. కింద ఆధారం లేకుండా బీము మీద నిలిచే ఈ పిల్లర్లను ఫ్లోటింగ్ కాలమ్స్ అంటారు. మామూలు బరువుకు ఇవి నిలబడతాయి. భూకంపంలో పక్కకు ఊగినప్పుడు మాత్రం బరువు దిగే దారి మధ్యలో తెగి ఉంటుంది. భూకంప డిజైన్ కోడ్ ఐఎస్ 1893 వీటిని వద్దంటుంది.

దానికి తోడు ఇంకో బలహీనత. పై అంతస్తుల్లో ఇటుక గోడలు నిండుగా ఉంటాయి, కింద దుకాణాల ముందు అద్దాలు, షట్టర్లు. పైన గట్టిగా, కింద వదులుగా ఉన్న ఇలాంటి అంతస్తును సాఫ్ట్ స్టోరీ అంటారు. ఊపు మొత్తం కింది పిల్లర్ల మీదే పడుతుంది. 2001 జనవరి 26 భుజ్ భూకంపంలో రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లలో కింది అంతస్తు గోడల్లేకుండా ఖాళీగా వదిలినవి చాలా ఉన్నాయి. 2016 నాటి కోడ్‌లో హైదరాబాద్ తక్కువ తీవ్రత ఉన్న రెండో జోన్‌లో, విజయవాడ మూడో జోన్‌లో ఉన్నాయి. కాబట్టి బెజవాడలో కట్టేవాళ్లకు ఈ పేరా ఇంకా ముఖ్యం. పరిష్కారాలు తెలిసినవే. లిఫ్టు చుట్టూ, మెట్ల చుట్టూ కాంక్రీటు గోడలు పునాది నుంచి పైదాకా వేయడం, కింది పిల్లర్లను ఆ మేరకు పెద్దవి చేయడం. వాటిని ముందే ప్లాన్‌లో పెట్టాలి, అంతే.

పైపులు, పొగ, చప్పుడు

నాలుగు అంతస్తుల బాత్రూములు, వంటింటి సింకుల గొట్టాలన్నీ కిందికే వస్తాయి. కింద ఇల్లుంటే బాత్రూము కింద బాత్రూమే ఉంటుంది. కింద దుకాణం ఉంటే ఆ గొట్టాలు బట్టల ర్యాకుల మధ్యలోకి దిగుతాయి. అందుకే వాటిని మొదటి అంతస్తు స్లాబు కింద పక్కకు మళ్లించి, గొట్టాల కోసం పైనుంచి కిందికి నిలువుగా వదిలిన షాఫ్ట్‌లోకి చేరుస్తారు. మలుపున్న చోటే అడ్డు పడుతుంది. అడ్డు పడితే కారేది చీరల మీద. శుభ్రం చేసే మూత ఎక్కడుంది? దుకాణం ఫాల్స్ సీలింగ్ పైన. తాళం? దుకాణదారు దగ్గర. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపుల్లో అర్ధరాత్రి గొడవలకు ఇదో మూలం.

హోటలో టిఫిన్ సెంటరో వస్తే చిక్కు పెరుగుతుంది. వంటింటి పొగ గొట్టం మేడ మీద దాకా విడి షాఫ్ట్‌లో వెళ్లాలి. లేకపోతే పెద్ద ఫ్యాను పెట్టి పక్క సందులోకి వదులుతారు, పోపు ఘాటు మొదటి అంతస్తు పడకగదిలోకి వస్తుంది. ఆ గొట్టంలో జిడ్డు పేరుకుంటుంది, జిడ్డుకు నిప్పంటుకుంటే అది మళ్లీ పైకే పోతుంది. ఏసీల బయటి యూనిట్ల సంగతీ అంతే. దుకాణాలవి ఎక్కడ పెట్టాలో ప్లాన్‌లో చూపకపోతే అవి బోర్డు పైన, అంటే మొదటి అంతస్తు బాల్కనీ కింద, చేరతాయి. మే నెలలో ఆ ఇంటివాళ్లు కిటికీ తెరవలేరు.

చప్పుడు విషయంలో చట్టానిదీ తికమకే. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నియమాల్లో నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. వాణిజ్య ప్రాంతానికి 65, 55. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు వరకు. మరి రెండూ కలిసిన చోట? ఆ ప్రాంతాన్ని నాలుగు వర్గాల్లో ఒకటిగా అధికారులు ప్రకటించవచ్చని నియమం చెబుతుంది. వాణిజ్య ప్రాంతంగా ప్రకటిస్తే తెల్లవారుజామున నాలుగింటికి తిరిగే గ్రైండర్ మీద ఫిర్యాదుకు బలం తగ్గుతుంది. అప్పుడిక కాపాడేది గ్రైండర్ కింద వేసిన రబ్బరు మెత్తలు, స్లాబు మందమే.

పార్కింగ్: ఒకే చోటు ఇద్దరికీ పనికొస్తుందా

మన నియమాల్లో పార్కింగ్‌ను నిర్మిత విస్తీర్ణంలో శాతంగా లెక్కిస్తారు. వాణిజ్యానికి ఎక్కువ శాతం, నివాసానికి తక్కువ. మన స్థలంలో చుట్టూ మీటరున్నర వదిలి సెల్లార్ తవ్వితే 638 చదరపు మీటర్లు. ర్యాంపు, సంపు, పంపు గది, లిఫ్టు పోగా 500. తిరిగే దారితో కలిపి కారుకు 28 చదరపు మీటర్లు వేసుకుంటే దాదాపు 18 కార్లు పడతాయి. ఫ్లాటుకు ఒకటి చొప్పున 16 పోతే దుకాణాలకు రెండు. ఆ రెండూ ఓనర్లవే అవుతాయి, గిరాకీకి వచ్చినవాళ్లు రోడ్డు మీద ఆపుతారు.

ఇద్దరూ ఒకే చోటును వేర్వేరు వేళల్లో వాడుకుంటే సరిపోదా అన్నది మంచి ప్రశ్నే. పైన ఇళ్లు, కింద ఆఫీసో బ్యాంకో అయితే ఇది నిజంగా పనిచేస్తుంది. ఉదయం తొమ్మిదింటికి ఒకరు వెళ్తారు, ఇంకొకరు వస్తారు. బట్టల షాపులు, హోటళ్లు అయితే పనిచేయదు. గిరాకీ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది. ఇళ్లవాళ్లు ఆఫీసుల నుంచి తిరిగొచ్చేదీ అప్పుడే. అంటే కింద ఏ వ్యాపారం వస్తుందన్నది తెలియకుండా పార్కింగ్ సరిపోతుందో లేదో చెప్పలేం. నియమాలకు కావాల్సింది విస్తీర్ణం, అసలు సమస్య గడియారంలో ఉంది.

15 శాతం గీత: పన్ను గీసే ప్లాన్

నిర్మాణంలో ఉన్న ఫ్లాటు కొంటే 2019 ఏప్రిల్ 1 నుంచి జీఎస్టీ 5 శాతం, అందుబాటు ధర ఇళ్లకు 1 శాతం. దుకాణానికి భూమి విలువ మినహాయించాక 12 శాతం. అయితే వాణిజ్య భాగం కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకోగలిగే నేల), మొత్తం కార్పెట్ ఏరియాలో 15 శాతం దాటకపోతే దాన్ని నివాస ప్రాజెక్టుగా చూస్తారు. అప్పుడు దుకాణాలకు కూడా 5 శాతమే.

మన భవనంలో నాలుగు అంతస్తుల నిర్మాణం 1,564 చదరపు మీటర్లు. గోడలు, కారిడార్లు, బాల్కనీలు పోగా 70 శాతం కార్పెట్ అనుకుంటే 1,095. దుకాణాలు 238లో 90 శాతం, అంటే 214. మొత్తం 1,309లో ఇది 16.3 శాతం. గీత దాటింది. 25 చదరపు మీటర్లు తగ్గించి దాన్ని అసోసియేషన్ గదిగా మార్చితే 14.7 శాతం, గీత లోపలికి వచ్చాం. కోటి రూపాయల దుకాణం కొనేవాడికి పన్ను 12 లక్షల నుంచి 5 లక్షలకు దిగుతుంది. ఏడు లక్షలూ మిగిలినట్టేనా? కాదు. 12 శాతం దారిలో బిల్డర్‌కు సిమెంటు, స్టీలు మీద కట్టిన పన్ను వెనక్కి వస్తుంది, 5 శాతం దారిలో రాదు. భవనం పూర్తయ్యాక ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) వచ్చాక అమ్మితే రెండింటికీ జీఎస్టీ ఉండదు. ఏది లాభమన్నది ప్రాజెక్టును బట్టి మారుతుంది.

భూమిలో వాటా, నెలవారీ ఖర్చు

2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) ఇచ్చిన నిర్వచనంలో అపార్ట్‌మెంట్ అంటే ఇల్లు మాత్రమే కాదు, దుకాణం, షోరూమ్, ఆఫీసు కూడా. కాబట్టి దుకాణం కొన్నవాడూ ఉమ్మడి ఆస్తిలో పూర్తి భాగస్తుడే. విస్తీర్ణం ప్రకారం పంచితే మన 957 గజాల్లో ఒక్కో ఫ్లాటుకు 52 గజాల అవిభాజ్య వాటా, దుకాణాలన్నిటికీ కలిపి 126 గజాలు. దుకాణం చదరపు అడుగు ఫ్లాటుకంటే రెట్టింపు ధరకు అమ్మారు కాబట్టి వాటా కూడా ధర ప్రకారం ఉండాలని దుకాణం ఓనర్లు అంటారు. ముప్పై ఏళ్లకు భవనం పడగొట్టి కట్టాల్సి వస్తే ఈ తేడా పెద్ద మొత్తమే అవుతుంది.

నెలవారీ మెయింటెనెన్స్‌లోనూ ఇదే పంచాయితీ. లిఫ్టే ఎక్కనప్పుడు దాని డబ్బులు మేమెందుకు ఇవ్వాలంటారు దుకాణదారులు. రోజంతా వచ్చిపోయే జనం వల్ల సెక్యూరిటీ, చెత్త, నీళ్ల ఖర్చు పెరుగుతోందంటారు ఇళ్లవాళ్లు. ఇద్దరిదీ న్యాయమే. లిఫ్టు, జనరేటర్, నీళ్లు, సెక్యూరిటీల ఖర్చును మొదటినుంచే విడివిడి పద్దులుగా రాసి, నీటికి వేర్వేరు మీటర్లు పెట్టిన చోట ఈ గొడవ చిన్నదవుతుంది. ఒకే మోటారు, ఒకే ట్యాంకు, ఒకే బిల్లుగా కట్టేసిన భవనంలో తర్వాత ఎంత మాట్లాడుకున్నా లెక్క తేలదు.

విడదీస్తే సమస్య తీరుతుందా

దుకాణాలను ఇళ్ల నుంచి పూర్తిగా వేరుచేయాలన్న వాదనకు బలమైన కారణాలున్నాయి. పైన రాసిన ప్రమాదాలే అందులో మొదటివి. ప్రశాంతత, అపరిచితుల రాకపోకలు, ట్రాఫిక్ తర్వాతివి. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో ఢిల్లీలో నివాస ప్రాంతాల్లోని దుకాణాలకు సీలు వేయడం మొదలైంది. వేలమంది జీవనాధారం ప్రశ్నార్థకమై ఆందోళనలు జరిగాయి. 2007లో వచ్చిన ఢిల్లీ మాస్టర్ ప్లాన్ కొన్ని వీధుల్లో మిశ్రమ వినియోగాన్ని షరతులతో అనుమతించింది. కలిసిపోయిన వాటిని కాగితం మీద గీత గీసి విడదీయడం ఎంత కష్టమో అక్కడ తెలిసింది.

రెండో వైపు వాదన ఇదీ. మందుల షాపు, కిరాణా, టైలరు నడిచి వెళ్లే దూరంలో ఉంటే బండి తీయక్కర్లేదు. కారు నడపలేని వృద్ధులకు, సాయంత్రం ఆలస్యంగా ఇంటికొచ్చే ఆడపిల్లలకు దీపాలు వెలిగే వీధి పెద్ద ధైర్యం. చిన్న వ్యాపారికి మాల్‌లో అద్దె కట్టే స్తోమత ఉండదు, ఇలాంటి షట్టరే అతని బతుకు. నేను ఈ వైపే మొగ్గుతాను. అయితే వీధిని కలపడం వేరు, మెట్లను కలపడం వేరు. గుల్జార్ హౌజ్‌లో మనుషులకు అడ్డమైనది కింద దుకాణం ఉండటం కంటే, బయటికి ఇంకో దారి లేకపోవడం.

అద్దెదారు మారినప్పుడు

ఇంతా చేసి డిజైన్ చేసేది ఏదో ఒక దుకాణం కోసం. భవనం యాభై ఏళ్లు నిలబడుతుంది, అద్దెదారు మూడేళ్లకు మారతాడు. ఇవాళ చెప్పుల షాపు, రేపు మొబైల్ సర్వీసింగ్, ఎల్లుండి బిర్యానీ హోటల్. అనుమతి పత్రంలో అన్నిటికీ పేరు దుకాణమే. కానీ హోటల్ రాగానే 19 కిలోల గ్యాస్ సిలిండర్లు వరసగా వచ్చి చేరతాయి, నీళ్లు పదింతలు, జిడ్డు నీళ్లు డ్రైనేజీలోకి, కూర్చునేవాళ్లు 50 దాటితే కోడ్ ప్రకారం వర్గమే మారిపోతుంది. పైవాళ్లకు ఈ మార్పు తెలిసేది బోర్డు మారినప్పుడే.

కొందరు డిజైనర్లు ఇందుకే ముందు జాగ్రత్తగా ఒక షట్టర్‌ను హోటల్‌కు తగ్గట్టు తయారు చేసి, మిగతావాటిలో వంట నిషేధమని సేల్ డీడ్‌లోనే రాయిస్తారు. ఆ ఒక్క షట్టర్‌కు జిడ్డు ఆపే ట్రాప్, బయటి గోడవైపు సిలిండర్ల గది, మేడ మీది దాకా పొగ షాఫ్ట్. రెండడుగుల చదరపు షాఫ్ట్‌కు గోడలతో కలిపి అంతస్తుకు ఏడు చదరపు అడుగుల చోటు పోతుంది. అది లేకుండా కట్టేశాక హోటల్ వస్తే, నాలుగు ఇళ్ల స్లాబులు కోస్తే తప్ప దానికి దారి దొరకదు.